కాలికి నంబరు

పేరయ్యకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. దేవుడి మీద కాదు. దేవుడి విషయంలో ఆయనకు సందేహాలు లేవు. ఉన్న సందేహమల్లా పెట్రోలు మీద.

తూమాటిపాలెం బజారులో నువ్వులనూనె, పూజసామాను అమ్మే కొట్టు గాదంశెట్టి పేరయ్యది. ఊరు దాటి పడమరగా పోతే పెద్దరోడ్డు ఒక వాలు ఎక్కుతుంది. ఆ వాలు మీద ఆంజనేయస్వామి గుడి. శనివారం సందెవేళ స్వామి ముందు వెలిగే పెద్ద దీపానికి నూనె గాదంశెట్టి వారి కొట్టు నుంచే వెళ్ళాలి. ఎవరు పెట్టిన నియమమో తెలియదు. తాత కావడిలో మోశాడు, తండ్రి సైకిలు మీద తీసుకెళ్ళాడు, పేరయ్య మోపెడ్ మీద తీసుకెళుతున్నాడు. ఈలోగా పెళ్ళిళ్ళు వచ్చాయి, తుపానులు వచ్చాయి, ఎన్నికలు వచ్చాయి. నూనె మాత్రం ఏ శనివారమూ పొద్దు కుంకేలోపల గుడికి చేరకుండా లేదు.

ఒకప్పుడు, మోపెడ్ కొన్న కొత్తల్లో, ఒక్కసారి తప్పబోయింది. వాలు మొదట్లో పెట్రోలు అయిపోయి బండి ఆగిపోయింది. పొద్దు చూస్తే చెట్ల మీదికి దిగింది. పేరయ్య నూనె డబ్బా వంక, వాలు వంక మార్చి మార్చి చూస్తుండగా వెనకనుంచి ఒక మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. ఆ వచ్చినవాడు ఏమీ అడగలేదు. ఒక కాలు బారచాపి మోపెడ్ వెనకభాగానికి ఆనించి, తన బండిని ముందుకు ఉరికించాడు. పేరయ్య మోపెడ్ ఇంజను లేకుండానే వాలెక్కింది.

"ఎవరు బాబూ మీరు? పేరేంటి?" అని పేరయ్య వెనక్కి తిరగబోయాడు.

"ముందు చూసి నడుపు," అంది వెనకనుంచి గొంతు.

గుడి దగ్గర ఆ మనిషి కాలు తీశాడు. మోపెడ్ వెనక అంటించి ఉన్న ఆంజనేయస్వామి బొమ్మకు కాలు తగిలిందేమోనని వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. పేరయ్యకు గుర్తున్నది ఆ కాలు ఒక్కటే. టైరు చెప్పు, పగిలిన మడమ.

అప్పటినుంచి మొదలైంది సందేహం. రోడ్లు వేసేది పెట్రోలు మీద వచ్చే పన్నుతోనేనని ఊళ్ళో అందరూ అనుకునే మాట. ఆ వాలెక్కినంత మేరా తన బండి చుక్క పెట్రోలు తాగలేదు. రోడ్డు మీద మాత్రం నడిచింది. అయితే ఆ రోడ్డు వాడుకున్నది తనా, నెట్టినవాడా? పుణ్యం నెట్టినవాడిదే, అందులో పేచీ లేదు. బాకీ మాత్రం తనదేననిపించేది. ఎవరికి తీర్చాలో తెలిసేది కాదు. పోనీ తానూ ఇంకొకరికి కాలు సాయం చేద్దామంటే, పేరయ్య మోపెడ్ పేరయ్యను మోయడమే గొప్ప. ఆ వాలు దగ్గర అది ఏ వారానికావారం ఆయాసపడటం, వెనక వచ్చేవాళ్ళెవరో ఒక కాలు వేయడం ఊరికి అలవాటైపోయింది.

పురాణం చెప్పే శాస్త్రిగారిని అడిగితే, "పరోపకారానికి లెక్కలుండవు నాయనా," అని, ఈసారి వచ్చేటప్పుడు మంచి నువ్వులనూనె ఒక సీసా తెమ్మన్నారు. పెట్రోలు బంకువాడిని అడిగితే, "కొట్టించుకుంటావా లేదా? వెనక బళ్ళున్నాయి," అన్నాడు.

అందుకని, రహదారి వినియోగ మదింపు మండలి వారు తూమాటిపాలెం కల్యాణమంటపంలో వాహనదారుల అభిప్రాయాలు సేకరిస్తారని తెలిసినప్పుడు, పేరయ్య కొట్టు భార్యకు అప్పజెప్పి, ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

మదింపు అధికారి నిరంజనరావు గారు పెట్రోలు తాగని తెల్లటి బ్యాటరీ స్కూటరు మీద వచ్చారు. దానికి నిమ్మకాయలు, పసుపు కుంకాలు ఇంకా ఆరలేదు. హ్యాండిలు దగ్గర ఒక యంత్రం బిగించి ఉంది. దాని పేరు చక్రగణకం. చక్రం తిరిగినంత మేరకు లెక్కకట్టి, ఆడగొంతుతో గట్టిగా చెబుతుంది.

"వాహనచోదక సోదర సోదరీమణులారా!" అన్నారు నిరంజనరావు గారు. "ఇంతవరకు మనం ఇంధనంపై పన్ను విధిస్తూ వచ్చాం. ఇది అశాస్త్రీయం. తక్కువ తాగే బండి రోడ్డును తక్కువ అరగదీస్తుందా? అసలు తాగని బండి ఆకాశంలో పోతుందా? కనుక వాడినవాడు చెల్లించాలి. ఇది మండలి మూలసూత్రం. ఇప్పుడు మీ మీ అభిప్రాయాలను నిర్భయంగా తెలియజేయండి. అవి ఏవైనప్పటికీ రుసుము వచ్చే నెల మొదటి తేదీ నుంచి అమలులోకి వస్తుంది."

ఆడవాళ్ళ బట్టలు కుట్టే మంగతాయారు స్కూటీ తాళాలు ఆడిస్తూ లేచింది. "అయితే పెట్రోలు మీద పన్ను తీసేస్తన్నారన్నమాట."

"తల్లీ, పెట్రోలు పన్ను పెట్రోలు కొన్నందుకు. రోడ్డు రుసుము రోడ్డు మీద వెళ్ళినందుకు. కొనడం వేరు, వెళ్ళడం వేరు. రెంటినీ కలిపి చూడటం సంకుచిత దృష్టి."

"కొన్న పెట్రోలు ఏం చేసుకుంటాం సార్, ఆవకాయలో పోసుకుంటామా?"

మంటపం గొల్లుమంది. నవ్వును కూడా అభిప్రాయంగా నమోదు చేయమని నిరంజనరావు గారు గుమాస్తాకు చెప్పారు.

ఆటో నడిపే సైదులు లేచాడు. "సార్, మా రోడ్డులో రోడ్డు కంటే గుంతలెక్కువ. గుంతలో ఉన్నంతసేపూ రోడ్డు వాడనట్టే గదా! ఆ మేరకు తగ్గిస్తారా?"

"చక్కటి ప్రశ్న. గుంతలోకి దిగి ఎక్కడం వల్ల ప్రయాణ దూరం పెరుగుతుంది. ఆ పెరిగిన దూరానికి మండలి ప్రస్తుతం ఏమీ వసూలు చేయడం లేదు. ఈ ఉదారతను గమనించ మనవి."

సైదులు ఉదారతను గమనించి కూర్చున్నాడు.

అప్పుడు పేరయ్య చెయ్యెత్తాడు. ఎదిరించడానికి కాదు. ఇంత చదువుకున్నవాడు ఊళ్ళోకి మళ్ళీ ఎప్పుడొస్తాడో అని. "అయ్యా, నా బండి ఆగిపోయింది. వెనక ఎవరో మహానుభావుడు కాలితో నెడుతున్నాడు. నా ఇంజను తిరగలా. నా చక్రం తిరిగింది. అతని ఇంజను తిరిగింది కానీ నా బరువు కూడా మోసింది. ఆ రోడ్డు ఎవరు వాడినట్టండీ?"

మంటపం మళ్ళీ నవ్వింది. నిరంజనరావు గారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకొని పేరయ్యను దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు చూశారు.

"పెద్దవారు మండలి కళ్ళు తెరిపించారు. రాష్ట్రమంతా తిరిగాను. అందరూ కట్టలేమన్నారే కానీ, ఎక్కడ కట్టడం లేదో చెప్పినవారు లేరు."

"నేనెంతవాణ్ణి సార్," అన్నాడు పేరయ్య సిగ్గుపడుతూ.

ఇంటికొచ్చి భార్యతో, "ఇన్నాళ్ళకు అడగాల్సిన చోట అడిగాను," అన్నాడు.

శేషారత్నం నూనె కొలుస్తూ తలెత్తలేదు. "అడగాల్సిన చోట అడిగారు సరే. చెప్పకూడని చోట చెప్పారేమో చూసుకోండి."

కొద్దిరోజులకు మండలి వారు మైకు కట్టి ఊరంతా చాటింపు వేయించారు. మైకు కట్టింది సైదులు ఆటోకే. బాడుగ ఇచ్చారు కాబట్టి తన గొయ్యి తానే తవ్వుకున్నట్టు ఆ నిబంధనలు చాటుకుంటూ సైదులు వీధి వీధీ తిరిగాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఆగిపోయిన వాహనమును వేరొక వాహనచోదకుడు వెనుకనుండి తన కాలితో నెట్టుట పాదప్రేరిత చలనము అనబడును. సదరు చలనమునందు సదరు కాలు ఇంజనుగా పరిగణింపబడును. అట్టి ప్రతి కాలును మండలి కార్యాలయమున నమోదు చేయించి, నంబరు పలకను చీలమండపై స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెను. కుడికాలు, ఎడమకాలు వేర్వేరు ఇంజనులుగా భావింపబడును."

ఊరు మొదట నవ్వింది. మర్నాడు కాలికి నంబరు లేకుండా బావమరిది బండిని నెట్టిన ఒకాయనకు జరిమానా పడ్డాక నవ్వడం మానేసి వరసలో నిలబడింది. మండలి కార్యాలయంలో కాళ్ళు కొలిచారు, పిక్కలు నొక్కి బలం చూశారు, మడమల ఫొటోలు తీశారు. మేజోళ్ళు వేసుకున్నవారిని మాత్రం ముందుగా పొగ పరీక్షకు పంపారు. గ్రామోద్యోగి ఒకాయన ఆ పరీక్షలో తప్పాడు. మళ్ళీ ఉతుక్కుని రమ్మన్నారు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ నిరంజనరావు గారు సగంలో ఆగే మనిషి కారు. కాలు ఇంజనైనప్పుడు దానికి ఇంధనం ఉండితీరాలి. కాలికి ఇంధనం అన్నం. ఇంధనం మీద పన్ను ఎప్పటినుంచో ఉన్నదే, కొత్తగా వేసేదేమీ లేదు. కనుక ఉన్న పన్నునే, ఉన్నచోటనే, వసూలు చేస్తే చాలు.

వీరాస్వామి హోటలులో టిఫిను అందించేవాడు ప్రతి బల్ల దగ్గరా ఆగి, "నెట్టడానికా, ఊరికే తినడానికా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఊరికే తింటే ఒక రేటు, నెట్టడానికైతే ఇంకో రేటు. ఇడ్లీ సాధారణ ఇంధనం. ఉప్మా పెసరట్టు అధికశక్తి ఇంధనం. నెయ్యి వేయించుకుంటే కందెన కిందికి వస్తుంది, దానికి వేరే.

"నమలడానికి!" అంది మంగతాయారు. హోటలువాడు అలాంటి గడి లేదన్నాడు.

ఇక మిగిలింది ప్రసాదం. దాని మీద నిరంజనరావు గారు రెండురోజులు తలుపు వేసుకుని ఆలోచించారట. దేవుడి ప్రసాదానికి పన్ను వేయడానికి ఆయనకు చేతులు రాలేదు. అంతకంటే సున్నితమైన మార్గం తోచింది. సైదులు ఆటో మళ్ళీ బయల్దేరింది.

"ప్రసాదము రుసుములేని ఇంధనము. భక్తి నిమిత్తము మినహాయింపు పొందిన ఇంధనమును రవాణాకు మళ్ళించుట, రేషను కిరసనాయిలును లారీలో పోయుటతో సమానము. కావున ప్రసాదము స్వీకరించినవారు ఆ పూట ఏ వాహనమునకును కాలు తాకించరాదు."

తూమాటిపాలెంలో కాళ్ళన్నీ బళ్ళ లోపలికి ముడుచుకున్నాయి. ఆగిపోయిన బండి ఆగిపోయినట్టే ఉండేది. పక్కనుంచి పోయేవాళ్ళు నమస్కారం పెట్టి, నిబంధన నంబరు చెప్పి పోయేవారు.

పేరయ్యకు సందేహాల శెట్టి అని పేరు పడింది. కొట్టుకొచ్చినవాళ్ళు నూనె సీసా ఎత్తి చూసి, "ఇది దీపానికా శెట్టిగారూ, రవాణాకా?" అని అడిగేవారు. పేరయ్య తలవంచుకొని చిల్లర ఇచ్చేవాడు. తిట్టినవాళ్ళ మీద ఆయనకు కోపం రాలేదు. అడిగింది తప్పా, అడిగిన చోటు తప్పా అని మాత్రం రోజూ పూజలో కాసేపు ఆగి ఆలోచించేవాడు. పటంలో ఆంజనేయుడు కొండనెత్తుకుని చూస్తూ ఉండేవాడు. అంత కొండను మోసినవాడిని ఎవరూ ఏ గడి కింద రాసుకోలేదు కదా అనిపించేది.

ఆ శనివారం మోపెడ్ వాలు మొదట్లో అలవాటు ప్రకారం ఆయాసపడి ఆగింది. పేరయ్య అలవాటు ప్రకారం వెనక్కి చూశాడు. సైదులు ఆటో వచ్చింది, నెమ్మదించింది, సైదులు కుడికాలు బయటికి కూడా వచ్చింది. చీలమండ మీద నంబరు లేదు. కాలు లోపలికి పోయింది.

"కాలు లాగతంది శెట్టిగారూ. కానీ పలక ఇంకా రాలా. పైగా దర్గా కాడ ప్రసాదం తిని వస్తన్నా. మీరే తెచ్చి పెట్టారు గదండీ ఈ తంటా!" అంటూనే వెళ్ళిపోయాడు.

పేరయ్య దిగి చేతులతో తోయడం మొదలుపెట్టాడు. కొద్దిదూరం పోయాక మండలి కాపలాదారు చెయ్యడ్డం పెట్టాడు. "చేత్తో తోస్తే మీరు పాదచారి, బండి సరుకు. సరుకు రుసుము కట్టాలి."

"దాన్ని నేను మొయ్యట్లా బాబూ. దానికి చక్రాలున్నాయి."

"చక్రాలున్న సరుకు. దానికింకా ఎక్కువ."

బేరం ఆడటానికి పొద్దు లేదు. పేరయ్య కట్టి, వాలెక్కి, రొప్పుతూ గుడి చేరేసరికి సూర్యుడు లేడు. గర్భగుడిలో చీకటి. అర్చకులు శఠగోపాచార్యులు ఒత్తి చేతిలో పట్టుకుని గడపలో నిలబడి ఉన్నారు. ఆయన డబ్బా అందుకుని గబగబా లోపలికి నడిచారు. మూడు తరాలలో మొదటిసారి దీపం చీకటి పడ్డాక వెలిగింది.

ఇంటికొచ్చి అన్నం సహించక లేచిపోతుంటే శేషారత్నం అడిగింది. "మీ సందేహం తీరిందా?"

"తీరలా."

"తీరకపోతే పోనీయండి. బండి ప్లగ్గు తీసి శుభ్రం చేయించండి. వచ్చే శనివారం దీపం ఆలస్యమైతే మాత్రం నేను కావడి కట్టి భుజాన మోస్తా. దానికి రుసుమేంటో అప్పుడు చూసుకుందాం."

పేరయ్య బండికి ప్లగ్గు మార్పించాడు, గొలుసుకు నూనె పెట్టించాడు. ఆ తరువాతి శనివారం పొద్దుటినుంచి ఉపవాసముండి, మధ్యాహ్నం పూజలో నైవేద్యం పెట్టిన దద్దోజనం మాత్రం తిని, నూనె డబ్బా కట్టుకుని, పొద్దు బాగా ఉండగానే బయల్దేరాడు. బండి పడుచుదానిలా పరుగెత్తింది. ఆపకుండా పోతే సందె కంటే ముందే గుడిలో ఉంటాడు.

వాలు మొదట్లో తెల్లటి స్కూటరు ఆగి ఉంది. దాని పక్కన నిరంజనరావు గారు, చొక్కా వీపుకు అంటుకుపోయి, నిలబడి ఉన్నారు.

శనివారం ప్రసాదం తిన్న కాళ్ళు రోడ్డు మీద ఏం చేస్తున్నాయో స్వయంగా చూద్దామని ఆయన గుడికి బయల్దేరారు. దారిలో బ్యాటరీ అయిపోయింది. బండి తాగింది కొంచెమే. చక్రం తిరిగినా తిరగకపోయినా దీపాలు వెలిగించుకుని, లెక్కలు చెప్పుకుంటూ ఉండే చక్రగణకం మిగిలినదంతా తాగేసింది. ఇప్పుడు కూడా, అడుగంటిన ఛార్జితో, ఉండి ఉండి ఆడగొంతు పలుకుతోంది.

"ఆగియున్న వాహనము రోడ్డును ఎడతెగక వాడుచున్నది. నిలుపుదల రుసుము పెరుగుచున్నది."

"చాలాసేపటినుంచి ఉన్నానండీ," అన్నారు నిరంజనరావు గారు. "ఎన్నో బళ్ళు పోయాయి. ఒక్కరూ కాలు చాపలేదు. అందరూ నమస్కారం పెట్టి నిబంధన చెప్పి పోతున్నారు. ఈ ఊరివాళ్ళు ఇంత చట్టబద్ధంగా ఉంటారని నేననుకోలేదు."

పేరయ్య కూడా నమస్కారం పెట్టాడు. పొద్దు వంక చూశాడు. డబ్బా వంక చూశాడు. పోయినవారం చీకటిగడపలో ఒత్తి పట్టుకుని నిలబడ్డ ఆచార్యులు కళ్ళముందు మెదిలారు. హ్యాండిలు తిప్పి ముందుకు సాగాడు.

నాలుగు బారలు పోయాడో లేదో, ఆయనకు వెనక ఒక కాలు కనిపించింది. ఎవరిదీ కాదు. టైరు చెప్పు, పగిలిన మడమ. ఇన్నేళ్ళుగా ఈ వాలు దగ్గర ప్రతివారం గుర్తొచ్చే కాలే. ఆ మనిషికీ ఆవేళ ఎక్కడికో పొద్దు పోతూనే ఉండి ఉంటుంది. అతనేమీ అడగలేదు.

పేరయ్య బండి తిప్పాడు.

"ఎక్కి కూర్చోండి సార్."

నిరంజనరావు గారి ముఖం వికసించి, అంతలోనే ముడుచుకుంది. "మీ కాలు నమోదైందా?"

"లేదండీ."

"ఏం తిని బయల్దేరారు?"

"ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టిన దద్దోజనం సార్."

"అయ్యయ్యో. అది ప్రసాదం. రుసుములేని ఇంధనం! ఇది నమోదుకాని ఇంజనులో మినహాయింపు ఇంధనం పోసి..."

"మరి వద్దంటారా సార్?"

"నిలుపుదల రుసుము పెరుగుచున్నది," అంది చక్రగణకం.

నిరంజనరావు గారు గభాలున ఎక్కి కూర్చున్నారు.

పేరయ్య కుడికాలు చాపి స్కూటరు వెనక ఆనించి, హ్యాండిలు మెలితిప్పాడు. జీవితంలో మొదటిసారి ఆ మోపెడ్ తనది కాని బరువు మోసింది. అది మూలిగింది, దగ్గింది, అయినా కదిలింది. తెల్లస్కూటరు వాలెక్కసాగింది.

"ఏమండీ," అన్నారు నిరంజనరావు గారు వెనక్కి తిరగబోతూ, "నెట్టేవారిది నేరమైతే, నెట్టించుకునేవారిది ఏ నిబంధన కిందికి వస్తుందంటారు?"

"ముందు చూసి నడపండి సార్," అన్నాడు పేరయ్య.

సగం వాలులో మోపెడ్ పని అయిపోయింది. ఇంజను చప్పుడు నీరసిస్తూ నీరసిస్తూ దిగిపోతోంది. రెండు బళ్ళూ ఇక వెనక్కి జారడమే తరువాయి. పేరయ్య కళ్ళు మూసుకుని స్వామీ అన్నాడు. అప్పుడు తన బండి వెనక ఏదో దబ్బున తగిలింది.

"కాలు ఎయ్యండి శెట్టిగారూ, తియ్యమాకండి!" సైదులు గొంతు. ఆటోలోంచి బారెడు చాపిన కాలు. "ఇంతమంది చూస్తా పోయారు గానీ, మీరు ఎయ్యటం చూశాక ఇంక నా కాలు లోపల కూర్చోలా."

"పలక వచ్చిందా సైదులూ?"

"పలకా లేదు, గిలకా లేదు. పొద్దున పెసరట్టు ఊరికే తింటానని చెప్పి తిన్నా!"

వెనక హారను మోగింది. మంగతాయారు స్కూటీ ఆటోను ఆనుకుని వచ్చింది. "బాబాయ్ గారూ, నేనూ వస్తన్నా! జరిమానా అందరం పంచుకుందాం!" ఆమె కాలు ఆటోను నెట్టిందో, ఆటోయే ఆమె కాలును లాక్కుపోయిందో చెప్పడం కష్టం. కానీ కాలు అయితే వేసింది. ఎదురొచ్చేవాళ్ళు బళ్ళు పక్కకు ఆపి ఈలలు వేశారు. అందరికంటే ముందు, రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని, ఊరి కాళ్ళన్నిటి మీదా ఊరేగుతూ, మదింపు అధికారి గారు వాలెక్కుతున్నారు.

"పాదప్రేరిత చలనము," అంది చక్రగణకం. "ఒకటవ కాలు. ప్రసాద ఇంధనము. రెండవ కాలు. నంబరు లేదు. మూడవ కాలు..." అక్కడ దాని గొంతు పీలగా సాగింది. "గణన సాధ్యము..." అని ఆగి, ఆరిపోయింది. సాధ్యమో అసాధ్యమో ఎవరికీ తెలియలేదు. నిరంజనరావు గారు జేబురుమాలు తీసి, నిద్రపోయిన పసిబిడ్డకు కప్పినట్టు దానిమీద కప్పారు.

గుడి ముందుకు వచ్చేసరికి సూర్యుడి అంచు ఇంకా ఎర్రగా మిగిలే ఉంది. పేరయ్య కాలు తీశాడు. అప్పుడు చూశాడు, స్కూటరు వెనక పూజనాడు అంటించిన ఆంజనేయస్వామి బొమ్మ. వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. నూనె డబ్బా విప్పుకుని గడప వైపు పరుగెత్తాడు.

"ఏమండీ, మీ పేరు?" అని వెనకనుంచి నిరంజనరావు గారు కేకవేశారు. పేరయ్య తిరిగి చూడలేదు.

గంట మోగింది. దీపం వెలిగింది. బయట ఇంకా వెలుతురు ఉంది.

అందరికీ ఆకుల్లో వడలు పెట్టారు. నిరంజనరావు గారు ఆకు పట్టుకుని చాలాసేపు ఆలోచించి సైదులును పక్కకు పిలిచారు. "ఇది తింటే తిరిగి వెళ్ళేటప్పుడు ఇబ్బంది వస్తుందేమో."

"దిగుడే గద సార్. బండి దానంతటదే పోద్ది."

"దానంతటదే పోతే దానికి ఇంధనం ఏమిటి?" అని ఆయన ఉత్సాహంగా మొదలుపెట్టారు. మంగతాయారు ఆయన వంక ఒకసారి చూసింది. ఆయన వడ కొరికారు. మరొకటి అడిగి పెట్టించుకున్నారు.

తరువాతి వారం సైదులు ఆటో మళ్ళీ మైకు కట్టుకుంది. సదరు ఉత్తర్వులు సమగ్ర పునఃపరిశీలన నిమిత్తం నిలిపివేయబడినవనీ, నంబరు పలకలు కార్యాలయమున తిరిగి ఇచ్చివేయవలెననీ, కాళ్ళు మాత్రం ఎవరివి వారే ఉంచుకొనవచ్చుననీ చాటింపు. పెట్రోలు పన్ను పెట్రోలు మీద, రోడ్డు రుసుము రోడ్డు మీద, గుంతలు గుంతల్లో యథాప్రకారం ఉన్నాయి.

అది తరువాతి సంగతి. ఆ సాయంత్రం జనం దిగి వెళ్ళిపోయాక, పేరయ్య ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని దీపం ఎదుట కూర్చున్నాడు. ఆచార్యులు తీర్థం ఇస్తూ ఆగి చూశారు.

"ఏం శెట్టిగారూ, ఇవాళ ముఖం తేటగా ఉంది?"

"పాత బాకీ ఒకటి ఉండేది స్వామీ. ఇవాళ తీరింది."

"శుభం. ఎవరికి?"

"పేరు చెప్పలా," అన్నాడు పేరయ్య. "ముందు చూసి నడపమన్నాడు."